యూనిక్స్ సర్వరులోకి దూరం నుంచి గ్రాఫికల్ లాగిన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా సరిహద్దు జిల్లాలైన గంజాం, గజపతి, రాయగడలలో తెలుగువారు నడుపుకొనే చిన్న కార్యాలయాలకు, కంప్యూటర్ శిక్షణ కేంద్రాలకు, డీటీపీ గదులకు నేను సర్వర్లు అమర్చిపెడుతుంటాను. సర్వరు సాధారణంగా బరంపురంలో ఉంటుంది. పనిచేసేవారు పర్లాకిమిడిలోనో, కాశీనగరంలోనో, గుణుపురంలోనో తమ బల్ల ముందు కూర్చుని ఆ సర్వరు డెస్క్‌టాపులోకి లాగిన్ కావాలనుకుంటారు. అప్పుడు వచ్చే సందేహాలలో మళ్లీ మళ్లీ ఎదురైనవాటికి ఇక్కడ జవాబులు రాశాను. ఉదాహరణలు ఎక్కువగా లినక్స్ పంపిణీలైన డెబియన్‌కు, రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందినవి. మరో యూనిక్స్ రకమైన ఫ్రీబీఎస్‌డీలో తేడా ఉన్నచోట ఆ మాట చెప్పాను. ఆదేశాల పేర్లు, ఫైళ్ల పేర్లు తెలుగు లిపిలోనే ఇచ్చాను. టెర్మినల్లో కొట్టేటప్పుడు, పెద్ద అక్షరమని ప్రత్యేకంగా చెప్పని చోటల్లా, ఇంగ్లిషు చిన్న అక్షరాలే వాడండి.

ఎస్‌ఎస్‌హెచ్ ఉండగా గ్రాఫికల్ లాగిన్ ఎందుకు?

ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరపు యంత్రంలోకి గుప్తంగా సాగే టెర్మినల్ లాగిన్. సర్వరును నిర్వహించేవారికి అది చాలు, గ్రాఫికల్ లాగిన్ అవసరం లేదు. ప్యాకేజీలు ఎక్కించడం, లాగ్ చూడడం, బ్యాకప్ తీయడం వంటి పనులన్నీ టెర్మినల్లోనే శుభ్రంగా జరుగుతాయి. అయితే పాత దస్తావేజుల స్కాన్లను ఒక పక్కన తెరిచి పెట్టుకుని మరో పక్కన తెలుగులో టైపు చేసేవారికి, ఖాతాలు రాసేవారికి, పుస్తకం పేజీలు దిద్దేవారికి కిటికీలూ మౌసూ లేకుండా పని సాగదు. వారి ఎదుట ఉన్న యంత్రం చాలా చోట్ల రెండు జీబీ మెమరీతో పదేళ్ల కిందట కొన్నదై ఉంటుంది. దానికి తెర చూపించి, మీటలు అందుకునే పని మాత్రమే అప్పగించి, బరువంతా సర్వరు మీద వేస్తే ఆ యంత్రం ఇంకా చాలాకాలం పనికి వస్తుంది. ఫైళ్లన్నీ ఒకేచోట ఉండడం వల్ల బ్యాకప్ కూడా ఒకేచోట తీసుకోవచ్చు.

ఎక్స్ సర్వరు అంటే బరంపురంలో ఉన్న యంత్రమేనా?

కాదు. ఈ ఒక్క విషయం తలకెక్కితే మిగిలిన గందరగోళంలో సగం తీరిపోతుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

ఎక్స్ విండో వ్యవస్థ 1984లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మొదలైంది. ఈనాటికీ వాడుకలో ఉన్న పదకొండవ రూపం, అంటే ఎక్స్ 11, 1987 సెప్టెంబరులో వచ్చింది. ఆ వ్యవస్థ దృష్టిలో తెర, కీబోర్డు, మౌసు అనేవి కార్యక్రమాలకు అందించే సేవలు. ఆ సేవలు అందించేది మీ ఎదుట ఉన్న యంత్రం కాబట్టి ఎక్స్ సర్వరు నడిచేది పర్లాకిమిడిలో మీ బల్ల మీద. బరంపురం యంత్రంలో నడిచే బ్రౌజరు, టైపింగు కార్యక్రమం ఆ సేవను కోరే క్లయింట్లు. పెద్ద యంత్రమే సర్వరన్న అలవాటుతో చదివితే పాత సూచనలన్నీ తలకిందులుగా అర్థమవుతాయి.

మొదటి తెర 6000వ టీసీపీ పోర్టు మీద, రెండవది 6001 మీద వింటుంది. ఇప్పటి ఎక్స్ సర్వర్లు ఆ పోర్టులను డిఫాల్ట్‌గా మూసే ఉంచుతాయి. అలా మూసి ఉండడమే మంచిది. కొందరు తొందరపడి ఎక్స్‌హోస్ట్ ఆదేశానికి కూడిక గుర్తు తగిలించి అందరికీ అనుమతి ఇచ్చేస్తారు. అలా చేస్తే మీ తెరను చేరగలిగిన ఏ యంత్రమైనా మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ చదవగలదు, పాస్‌వర్డులతో సహా.

దూరపు డెస్క్‌టాపును చూపే వీఎన్‌సీ, ఎక్స్‌ఆర్‌డీపీ అనే పద్ధతులలో కథ మారుతుంది. అక్కడ ఎక్స్ సర్వరు కూడా బరంపురంలోనే, అసలు తెర లేకుండా మెమరీలో నడుస్తుంది. మీ యంత్రానికి వచ్చేది ఆ ఊహాతెర బొమ్మ మాత్రమే. మన ప్రాంతానికి ఈ తేడా ఎంత ముఖ్యమో తరువాతి జవాబులో తెలుస్తుంది.

పద్ధతులు ఇన్ని ఉన్నాయి కదా, ఏది ఎంచుకోవాలి?

నేను ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: మధ్యాహ్నం పన్నెండింటికి లైను తెగిపోతే, పన్నెండుంపావుకు తిరిగి వచ్చినప్పుడు టైపు చేస్తున్న పేజీ ఎక్కడ ఆపారో అక్కడే కనబడాలా, వద్దా? వేగం, అందం, శబ్దం, ముద్రణ, అన్నీ దాని తరువాతే. వానాకాలంలో కొండ దారి వెంట వచ్చే ఫైబరు ఎప్పుడు తెగుతుందో ఎవరూ చెప్పలేని చోట, లైనుతో పాటు పనీ పోయే పద్ధతిని ఎంచుకోవడం పనిచేసేవారికి అన్యాయం చేసినట్టే.

ఆ కొలతతో చూస్తే పద్ధతులు రెండు జట్లుగా విడిపోతాయి. దూరపు లాగిన్ తెరను రప్పించే ఎక్స్‌డీఎంసీపీలోనూ, ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఎక్స్‌ను దారి మళ్లించడంలోనూ ఎక్స్ సర్వరు మీ వైపు ఉంటుంది. లైను తెగితే కార్యక్రమాలకు తెర దొరకదు, అవి అక్కడికక్కడే ఆగిపోతాయి, భద్రపరచని పని పోతుంది. వీఎన్‌సీ, ఎక్స్‌ఆర్‌డీపీ, ఎక్స్‌టూగో రెండవ జట్టు. వీటిలో డెస్క్‌టాప్ సర్వరులోనే బతికి ఉంటుంది. లైను రాగానే తిరిగి కలవవచ్చు.

శాఖలో లినక్స్ యంత్రాలు ఉండి, లైను సన్నగా ఉంటే ఎక్స్‌టూగోను ముందు పరీక్షించమంటాను. అది పూర్తిగా ఎస్‌ఎస్‌హెచ్ మీదనే నడుస్తుంది కనుక వేరే పోర్టు తెరవనక్కరలేదు, సన్నని లైను మీద కూడా బాగా పనిచేస్తుంది. డెస్క్‌టాపుగా ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని మేట్ గాని పెట్టండి. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ ఎక్స్‌టూగోతో సరిగా పొసగదు. శాఖలో అన్నీ విండోస్ యంత్రాలే అయితే ఎక్స్‌ఆర్‌డీపీ తేలిక, ఎందుకంటే విండోసులోని రిమోట్ డెస్క్‌టాప్ కార్యక్రమమే చాలు, కొత్తది ఎక్కించనక్కరలేదు. రకరకాల యంత్రాలు కలిసి ఉన్నచోట టైగర్‌వీఎన్‌సీ అన్నిటి మీదా ఒకేలా పనిచేస్తుంది.

ఎక్స్‌డీఎంసీపీ ఇంకా వాడవచ్చా?

ఒకే గదిలో, ఒకే స్విచ్చుకు కలిపిన తీగల మీద అయితే వాడవచ్చు. ఇది 1989 నాటి పద్ధతి. లాగిన్ తెరను చూపే డిస్‌ప్లే మేనేజరు 177వ యూడీపీ పోర్టు మీద వింటుంది, మీ యంత్రంలోని ఎక్స్ సర్వరు దానిని అడిగి లాగిన్ పెట్టెను తన తెర మీదకు తెచ్చుకుంటుంది. లైట్‌డీఎం అనే డిస్‌ప్లే మేనేజరులో అయితే ఈటీసీ డైరెక్టరీలోని లైట్‌డీఎం ఫోల్డరులో ఉన్న కాన్ఫిగరేషన్ ఫైలులో ఎక్స్‌డీఎంసీపీ సర్వర్ అనే విభాగం (మొదటి ఐదు అక్షరాలు, సర్వర్‌లో మొదటి అక్షరం పెద్దవి, మధ్యలో ఖాళీ ఉండదు) కింద ఎనేబుల్డ్ విలువను ట్రూగా మార్చాలి. పాత ఎక్స్‌డీఎంలో రిక్వెస్ట్‌పోర్ట్ విలువ సున్నాగా ఉన్న పంక్తి ముందు ఆశ్చర్యార్థకం పెట్టి దానిని వ్యాఖ్యగా మార్చి, ఎక్స్‌యాక్సెస్ (మొదటి ఎక్స్ పెద్దది) ఫైలులో ఎవరిని రానివ్వాలో రాయాలి. ప్రయత్నించి చూడడానికి జెఫిర్ (పెద్ద ఎక్స్‌తో మొదలవుతుంది) అనే, కిటికీలో నడిచే ఎక్స్ సర్వరును క్వెరీ ఎంపికతో నడిపితే సరిపోతుంది.

ఇందులో గుప్తీకరణ లేదు. మీరు కొట్టిన పాస్‌వర్డు తీగ మీద ఉన్నదున్నట్టు పోతుంది. ఒక శిక్షణ కేంద్రంలో పదిహేను పాత యంత్రాలు ఒక గదిలో ఉన్నప్పుడు నేనూ దీన్ని అమర్చాను, బాగా నడిచింది. ఊరు దాటి వెళ్లే లైను మీద మాత్రం ఎవరడిగినా పెట్టను.

ఒక్క కార్యక్రమం చాలు, డెస్క్‌టాప్ అంతా వద్దు. ఎలా?

ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశానికి హైఫన్, పెద్ద ఎక్స్ చేర్చి లాగిన్ అయి, కార్యక్రమం పేరు కొట్టండి. సర్వరులో ఎక్స్‌ఆథ్ ప్యాకేజీ ఉండాలి, ఎస్‌ఎస్‌హెచ్‌డీ కాన్ఫిగ్ ఫైలులో ఎక్స్11 ఫార్వర్డింగ్‌కు అవును అనే అర్థమిచ్చే వైఈఎస్ అని ఉండాలి. లాగిన్ అయ్యాక డిస్‌ప్లే (అన్నీ పెద్ద అక్షరాలు) అనే చలరాశిని చూస్తే లోకల్‌హోస్ట్ పేరు, దాని పక్కన 10.0 కనబడాలి, ఖాళీగా ఉంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి లేదన్నమాట. పరీక్షకు, అప్పుడప్పుడూ ఒక బొమ్మ చూడడానికి బాగుంటుంది. రోజంతా పనికి పనికిరాదు, కారణం పైన చెప్పినదే.

టైగర్‌వీఎన్‌సీని మొదటి నుంచి ఎలా అమర్చాలి?

ముందు డెస్క్‌టాప్ ఎక్కించండి. సర్వరుకు అసలు తెర తగిలించి ఉండకపోయినా ఫరవాలేదు, అది గ్రాఫికల్ స్థితిలో బూట్ కానక్కర కూడా లేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించాక టైగర్‌వీఎన్‌సీ సర్వరు ప్యాకేజీ ఎక్కించండి. పనిచేసే ప్రతి ఒక్కరికీ వేరు యూజరు ఖాతా తెరవండి. ఒకే ఖాతాను నలుగురికి ఇస్తే ఎవరు ఏ ఫైలు చెరిపారో ఎప్పటికీ తెలియదు, ఒకరు మానేసినప్పుడు మిగిలిన ముగ్గురి పాస్‌వర్డూ మార్చాల్సి వస్తుంది.

తరువాత ఆ యూజరుగా లాగిన్ అయి వీఎన్‌సీపాస్‌వర్డ్ ఆదేశం నడపండి. ఆదేశంలో చివరి భాగాన్ని పీఏఎస్‌ఎస్‌డబ్ల్యూడీ అని కుదించి రాస్తారు. పాత వీఎన్‌సీ పద్ధతి పాస్‌వర్డులో మొదటి ఎనిమిది అక్షరాలనే పట్టించుకుంటుందని గుర్తుంచుకోండి. పదహారు అక్షరాల పాస్‌వర్డు పెట్టి నిశ్చింతగా ఉన్నవారికి నిజానికి ఉన్నది సగం తాళమే. అందుకే దీనిని రెండవ తాళంగానే చూసి, అసలు తాళం ఎస్‌ఎస్‌హెచ్‌కు వేయాలి.

ఈటీసీలోని టైగర్‌వీఎన్‌సీ ఫోల్డరులో వీఎన్‌సీసర్వర్ డాట్ యూజర్స్ అనే ఫైలు ఉంటుంది. అందులో ఒక్కో పంక్తికి ఒక్కో తెర సంఖ్య, సమాన గుర్తు, యూజరు పేరు రాయాలి: కోలన్ ఒకటి ఒకరికి, కోలన్ రెండు మరొకరికి. ఒకటవ తెర 5901 పోర్టు మీద, రెండవది 5902 మీద వింటుంది. ఈ సంఖ్యలను ఒక కాగితం మీద రాసి ప్రతి శాఖలో యంత్రం పక్కన అంటించండి. నాకు వచ్చే ఫోన్లలో చాలా భాగం సంఖ్య మరిచిపోయినవారివే. యూజరు సొంత కాన్ఫిగ్ ఫైలులో సెషన్‌కు ఎక్స్‌ఎఫ్‌సీఈ అని, జామెట్రీకి తెర కొలత అని రాసి, మూడవ పంక్తిగా లోకల్‌హోస్ట్ అన్న మాటను తప్పనిసరిగా చేర్చండి. ఆ ఒక్క మాట వల్ల వీఎన్‌సీ 127.0.0.1 మీద మాత్రమే వింటుంది, బయటి నుంచి ఎవరూ తట్టలేరు. ఆఖరున, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఆ తెర సంఖ్యకు చెందిన సర్వీసును ఎనేబుల్ చేసి మొదలుపెడితే, సర్వరు తిరిగి బూట్ అయిన ప్రతిసారీ డెస్క్‌టాప్ దానంతటదే లేస్తుంది. సర్వీసు పేరు డెబియన్‌లో టైగర్‌వీఎన్‌సీసర్వర్, రెడ్ హ్యాట్‌లో వీఎన్‌సీసర్వర్.

లోకల్‌హోస్ట్‌కే కట్టేస్తే గుణుపురం నుంచి ఎలా చేరాలి?

ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం ద్వారా. గుణుపురం యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ ఆదేశానికి హైఫన్, పెద్ద ఎల్ ఇచ్చి, దాని తరువాత 5901:127.0.0.1:5901 అని రాసి, ఆపైన యూజరు పేరు, సర్వరు చిరునామా ఇవ్వండి. ఆ లాగిన్ నిలిచి ఉన్నంతసేపు మీ యంత్రంలోని 5901వ పోర్టుకు వెళ్లినదంతా గుప్తంగా బరంపురం చేరుతుంది. అప్పుడు వీఎన్‌సీ వ్యూయరులో లోకల్‌హోస్ట్ కోలన్ ఒకటి అని కొడితే మీ డెస్క్‌టాప్ వస్తుంది. సర్వర్అలైవ్ఇంటర్వల్ విలువను 30గా పెడితే, పనిలేక కాసేపు ఊరుకున్నప్పుడు మధ్యలోని రౌటర్లు కనెక్షన్ను తెంచవు.

ఈ ఏర్పాటులో ఫైర్‌వాల్‌లో తెరవవలసింది 22వ పోర్టు ఒక్కటే. పాస్‌వర్డుకు బదులు ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవుల జత పెట్టుకుని పాస్‌వర్డు లాగిన్ ఆపేయండి, రూట్ లాగిన్ ఆపేయండి. 5901ని నేరుగా ఇంటర్నెట్టుకు తెరవడం అంటే వీధి గుమ్మం బార్లా తీసి పడుకోవడమే.

విండోస్ యంత్రాలకు ఎక్స్‌ఆర్‌డీపీ పెట్టాం. లాగిన్ అయ్యాక నల్ల తెర వచ్చి ఆగిపోతోంది.

అదే యూజరు సర్వరు దగ్గర కూర్చుని అసలు తెర మీద కూడా లాగిన్ అయి ఉన్నారేమో ముందు చూడండి. ఒకే యూజరుకు రెండు డెస్క్‌టాపులు ఒకేసారి మొదలైతే, ముఖ్యంగా గ్నోమ్‌లో, రెండవది లేవదు. లాగిన్‌సీటీఎల్ ఆదేశంతో సెషన్ల జాబితా చూసి, పాతదాన్ని ముగించి మళ్లీ ప్రయత్నించండి. అది కారణం కాకపోతే, యూజరు హోమ్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఎక్స్‌సెషన్ ఫైలు పెట్టి, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ4 హైఫన్ సెషన్ అన్న ఒక్క పంక్తి రాయండి. ఎక్స్‌ఆర్‌డీపీకి ఏ డెస్క్‌టాప్ మొదలుపెట్టాలో తెలియకపోవడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. డెబియన్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ యూజరును ఎస్‌ఎస్‌ఎల్-సర్ట్ గుంపులో చేర్చడం మరవకండి. చేర్చకపోతే అది టీఎల్‌ఎస్ తాళంచెవి ఫైలును చదవలేదు.

లాగిన్ కాగానే రంగుల నిర్వహణ పరికరానికి అనుమతి కావాలంటూ పాస్‌వర్డు అడిగే పెట్టె వస్తే కంగారు పడనక్కరలేదు. దూరపు లాగిన్లకు, అనుమతులు చూసే పోల్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్ ఆ అనుమతి ఇవ్వకపోవడమే కారణం, ఒక చిన్న పోల్‌కిట్ నియమం రాస్తే పోతుంది.

ఎక్స్‌ఆర్‌డీపీ 3389 పోర్టు మీద వింటుంది. దీనినీ ఫైర్‌వాల్‌తో మూసి సొరంగంలోనే నడపండి. విండోసులో అదే సంఖ్యను స్థానికంగా వాడితే చిక్కు వస్తుంది కనుక ఈ చివర 3390 పెట్టుకోండి. ఫ్రీబీఎస్‌డీలో ఫైళ్లు యూఎస్‌ఆర్ కింద లోకల్ కింద ఈటీసీలో ఉంటాయి. ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఎక్స్‌ఆర్‌డీపీకి, దానిలో సెషన్లను చూసే భాగమైన సెస్‌మాన్‌కు రెండింటికీ ఎనేబుల్ పంక్తులు రాయాలి.

కరెంటు పోతే, లైను తెగితే ఏమవుతుంది?

శాఖలో కరెంటు పోతే ఏమీ కాదు. పనిచేసేవారి యంత్రం ఆరిపోతుంది, డెస్క్‌టాప్ బరంపురంలో అలాగే ఉంటుంది. ఎక్స్‌ఆర్‌డీపీ వాడేవారు సెస్‌మాన్ కాన్ఫిగరేషన్‌లో కిల్‌డిస్‌కనెక్టెడ్ విలువ ఫాల్స్‌గా ఉందో లేదో ఒకసారి చూసుకోవాలి.

సర్వరు వైపు కరెంటు పోతే మాత్రం ఏ పద్ధతీ కాపాడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా కొండల్లో కురిసిన వానను చూసినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. యూపీఎస్‌ను యూఎస్‌బీ తీగతో సర్వరుకు కలిపి, బ్యాటరీ అడుగంటుతున్నప్పుడు సర్వరు తనంతట తాను పద్ధతిగా ఆగేలా నట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఏర్పాటు చేయండి. టైపు చేసే కార్యక్రమంలో ఐదు నిమిషాలకోసారి దానంతటదే భద్రపరిచే ఏర్పాటు కూడా పెట్టండి.

ఇంకొక చిక్కు ఉంది, అది మెమరీ నిండడం. ఒకసారి కాశీనగరం నుంచి పనిచేసే టైపిస్టు గారు పొద్దున్నే ఫోను చేశారు: సొరంగం కలుస్తోంది గాని వ్యూయరు కనెక్షన్ దొరకలేదంటోంది. నేను సర్వరులోకి వెళ్లి చూస్తే ఆమె డెస్క్‌టాప్ నడుస్తూనే ఉంది, కాకపోతే ఒకటవ తెర మీద కాకుండా రెండవ తెర మీద. రాత్రి ఎవరో బ్రౌజరులో లెక్కకు మించి ట్యాబులు తెరిచి వదిలేయడంతో మెమరీ నిండి, కెర్నల్ ఆమె వీఎన్‌సీ ప్రాసెసును చంపేసింది. టీఎంపీ అనే తాత్కాలిక డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే ఎక్స్1-లాక్ (ఎక్స్ పెద్దది) అన్న చిన్న ఫైలు మాత్రం మిగిలిపోయింది. అప్పట్లో నేను వాడిన పాత వీఎన్‌సీసర్వర్ స్క్రిప్టు డెస్క్‌టాపును తిరిగి లేపుతూ ఆ ఫైలును చూసి, ఒకటవ తెర ఎవరో వాడుతున్నారనుకుని రెండవదానికి జరిగింది. సొరంగమేమో 5901కే వెళుతోంది. ఆ లాక్ ఫైలును, అక్కడే చుక్కతో మొదలయ్యే ఎక్స్11-యూనిక్స్ ఫోల్డరులోని ఎక్స్1 సాకెట్టును (వీటిలోనూ మొదటి ఎక్స్ పెద్దదే) తీసేసి, ఒకటవ తెరను మళ్లీ మొదలుపెడితే సరిపోయింది. తీసే ముందు ఆ లాక్ ఫైలు తెరిచి చూడండి: అందులో ఉండేది ఒక ప్రాసెస్ సంఖ్యే. ఆ సంఖ్యతో ఏ ప్రాసెసూ నడవడం లేదని పీఎస్ ఆదేశంతో నిర్ధారించుకున్నాకే ఫైలును చెరపండి.

మా శాఖలో ఉన్నది మొబైల్ డేటా రౌటరు. సర్వరును కూడా అలాంటి లైను మీదే పెట్టవచ్చా?

శాఖ వైపు ఉంటే చిక్కు లేదు, ఎందుకంటే కనెక్షన్ బయటికి వెళ్లేది అక్కడి నుంచే. సర్వరు వైపు అయితే బయటి నుంచి చేరడానికి సొంత పబ్లిక్ చిరునామా ఉండాలి. రౌటరు పేజీలో కనబడే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య అంకెలతో మొదలైతే, కంపెనీ అనేకమందికి ఒకే పబ్లిక్ చిరునామాను పంచుతోందని అర్థం. అప్పుడు రౌటరులో ఎన్ని పోర్టులు తెరిచినా ఫలితం ఉండదు.

అలాంటప్పుడు పబ్లిక్ చిరునామా ఉన్న చిన్న అద్దె సర్వరు ఒకటి తీసుకుని, బరంపురం సర్వరూ శాఖలూ దానికే, యంత్రాల మధ్య గుప్త దారి వేసే వైర్‌గార్డ్‌తో కలిసేలా చేయడం నాకు నచ్చిన దారి. వైర్‌గార్డ్ 2020 మార్చిలో వచ్చిన లినక్స్ 5.6 కెర్నల్ నుంచి కెర్నల్లోనే భాగంగా ఉంది. పర్సిస్టెంట్‌కీప్అలైవ్ విలువ 25 పెడితే మొబైల్ లైను మీద కూడా దారి మూసుకుపోదు. లైను తెగి, చిరునామా మారి తిరిగి వచ్చినా వైర్‌గార్డ్ దానంతటదే కలుస్తుంది కనుక మన ఊళ్ల పరిస్థితికి అది బాగా సరిపోతుంది.

తెర చాలా నెమ్మదిగా కదులుతోంది. లైను వేగం పెంచుకోవాలా?

ముందు లెక్క వేయండి. 1366×768 తెరలో సుమారు పదిన్నర లక్షల చుక్కలుంటాయి. ఒక్కో చుక్కకు నాలుగు బైట్లు అనుకుంటే మొత్తం 42 లక్షల బైట్లు, అంటే మూడు కోట్ల ముప్ఫై ఆరు లక్షల బిట్లు. నాలుగు ఎంబీపీఎస్ లైను మీద కుదించకుండా పంపితే ఒక్క నిండు తెర చేరడానికే ఎనిమిది సెకన్లు దాటుతుంది. వీఎన్‌సీ మారిన భాగాన్నే, అదీ కుదించి పంపుతుంది కనుక మామూలు టైపింగుకు ఇంత పట్టదు. అయితే డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పెద్ద ఫోటో, కిటికీల నీడలు, జారే యానిమేషన్లు ప్రతి కదలికకూ తెరలో పెద్ద భాగాన్ని మారుస్తాయి. ఫోటో తీసేసి ఒకే రంగు పెట్టి, ఎక్స్‌ఎఫ్‌సీఈలో నీడలు, పారదర్శకత గీసే కంపోజిటింగ్ ఆపేసి, వ్యూయరులో రంగుల లోతు తగ్గించి చూడండి. డబ్బు పెట్టి లైను పెంచడం దాని తరువాతి మాట.

పింగ్ సమయం, అంటే ఒక్క రాకపోకకు పట్టే కాలం, కూడా చూడాలి. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా ఎక్స్ వాడుతున్నప్పుడు ఒక కార్యక్రమం మొదలవడానికి తెరతో ఐదు వందల సార్లు అడిగి జవాబు తెచ్చుకోవలసి వస్తుందనుకుందాం. ఒక్కో రాకపోకకు 60 మిల్లీసెకన్లయితే 30 సెకన్లు వేచి ఉండడానికే పోతాయి. ఆ ఆలస్యాన్ని వంద ఎంబీపీఎస్ లైను కూడా తగ్గించలేదు. అక్కడ మార్చవలసింది పద్ధతినే.

తెలుగు, ఒడియా అక్షరాలు డబ్బాలుగా కనబడుతున్నాయి.

ఫాంట్లు ఎక్కించవలసింది మీ ఎదుట ఉన్న యంత్రంలో కాదు, సర్వరులో. అక్షరాల రూపాన్ని గీసేది అక్కడ నడిచే కార్యక్రమమే. మీకు వచ్చేది గీసిన బొమ్మ. డెబియన్‌లో ఫాంట్స్-తెలు, ఫాంట్స్-ఓర్య ప్యాకేజీలు ఎక్కించి, ఎఫ్‌సీ-క్యాష్ నడిపి, డెస్క్‌టాప్ నుంచి లాగౌట్ అయి మళ్లీ రండి. నోటో ఫాంట్లు కూడా వేసుకుంటే గజపతి, రాయగడ ప్రాంతాల్లో పనిచేసేవారికి మరో మేలు జరుగుతుంది. సవర భాష కోసం 1936లో మాంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది, నోటోలో దానికి కూడా ఫాంటు ఉంది. పర్లాకిమిడిలో ఉండి సవరలకు బడి, పుస్తకాలు కావాలని గిడుగు రామమూర్తి పంతులు గారు పాటుపడిన నేల ఇది. ఇక్కడ పెట్టే సర్వరులో తెలుగు, ఒడియా, సవర మూడూ సరిగా కనబడేలా చూడడం నేను నా పనిలో భాగంగానే భావిస్తాను.

టైపు చేయడానికి సర్వరు వైపు భారతీయ భాషల టైపింగు సాఫ్ట్‌వేర్ అయిన ఐబస్, ఎం17ఎన్ ఎక్కించి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంచుకోండి. మీ ఎదుటి యంత్రంలో కీబోర్డును ఇంగ్లిషులోనే ఉంచండి. రెండు చివరలా తెలుగు పెడితే అక్షరాలు రెండుసార్లు మారి ఏదో ఒకటి పడుతుంది. సూపర్, స్పేస్ మీటలను కలిపి నొక్కి భాష మార్చాలనుకుంటే ఆ నొక్కును మీ సొంత యంత్రమే మధ్యలో అందుకుంటుంది, సర్వరుకు చేరదు. ఐబస్ అమరికలలో భాష మార్చే మీటను ఇంకొకదానికి మార్చుకోండి. గ్రాఫికల్ లాగిన్‌లో ఐబస్ మొదలవకపోతే ఎక్స్‌సెషన్ ఫైలులో ఐబస్ పర్యావరణ చలరాశులు మూడూ రాశారో లేదో చూడండి.

పదిమందికి ఎంత మెమరీ కావాలి?

ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాపుకు, టైపింగు కార్యక్రమానికి కలిపి మనిషికి ఒక జీబీ, బ్రౌజరు వాడితే రెండు జీబీ చొప్పున నేను లెక్క వేస్తాను. పదిమందికి 24 లేదా 32 జీబీ పెడితే ఊపిరి సలుపుతుంది. సిస్టమ్‌డీలో యూజరు ఒక్కొక్కరికీ మెమరీ పరిమితి పెట్టవచ్చు. కాశీనగరం అనుభవం తరువాత ప్రతిచోటా పెడుతున్నాను.

రూట్‌గా గ్రాఫికల్ లాగిన్ కావాలి.

వద్దు. సొంత యూజరుగా వచ్చి, అవసరమైన ఒక్క ఆదేశానికి రూట్ అధికారాన్ని ఇచ్చే సుడో వాడండి.

వేలాండ్ వచ్చింది కదా, ఇదంతా పాతబడిపోతుందా?

కొంతవరకు అవును. వేలాండ్ అంటే ఎక్స్ స్థానంలో వస్తున్న కొత్త తెర వ్యవస్థ. 2008లో మొదలైన వేలాండ్‌లో ఎక్స్ మాదిరిగా నెట్‌వర్కు మీదుగా తెర పంపే ఏర్పాటు స్వతహాగా లేదు. ఆ పనిని డెస్క్‌టాపే చేయాలి. 2024 మార్చిలో వచ్చిన గ్నోమ్ 46 నుంచి, తెర లేని సర్వరులోకి ఆర్‌డీపీ ద్వారా నేరుగా లాగిన్ అయ్యే సదుపాయం గ్నోమ్‌లోనే ఉంది. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ 10లో ఎక్స్ఆర్గ్ సర్వరును తీసేశారు, కాబట్టి దానికి మారేవారు ఈ కొత్త దారినే నేర్చుకోవాలి. డెబియన్ 13లో ఎక్స్ఆర్గ్ ఇంకా ఉంది. పైన చెప్పినవన్నీ అందులో పనిచేస్తాయి. ఇప్పుడు నడుస్తున్న సర్వరును తొందరపడి మార్చవలసిన అవసరం నాకు కనబడదు. కొత్తది కొనేటప్పుడు మాత్రం ఏ డెస్క్‌టాప్ వాడబోతున్నారో ముందు తేల్చుకుని, దానికి తగిన పంపిణీని ఎంచుకోండి.

పర్లాకిమిడిలో కూర్చుని బరంపురం సర్వరు ఎస్‌ఎస్‌హెచ్ అమరికలు మార్చవచ్చా?

మార్చవచ్చు. అయితే ఇప్పుడున్న లాగిన్‌ను మూయకండి. కాన్ఫిగ్ ఫైలు మార్చాక ఎస్‌ఎస్‌హెచ్‌డీని హైఫన్, టీ ఎంపికతో నడిపితే ఫైలులో తప్పుంటే చెబుతుంది. తప్పు లేదని తేలాక సర్వీసును రీలోడ్ చేసి, రెండవ టెర్మినల్ తెరిచి కొత్తగా లాగిన్ కాగలరో లేదో చూడండి. అది పనిచేశాకే మొదటిదాన్ని మూయండి. ఫైర్‌వాల్ నియమం మార్చేటప్పుడు ముందుగా యాట్ ఆదేశంతో పది నిమిషాల తరువాత పాత నియమాలు తిరిగి వచ్చేలా ఒక పని పెట్టుకోండి. కొత్త నియమం బాగుందని తేలితే ఆ పనిని రద్దు చేయవచ్చు. ఈ రెండూ చేయకుండా మార్పు చేసి తలుపు మూసుకుపోతే, బస్సెక్కి బరంపురం వెళ్లి సర్వరు ముందు కీబోర్డు తగిలించడం తప్ప వేరే దారి ఉండదు.